రెండోసారి నెల తప్పకపోతే: ఎక్కడ మొదలుపెట్టాలి

తిరుపతి కొర్లగుంటలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు, పట్టు పావడాలు కుడతాను. కొలతల పుస్తకంలో చివరి పేజీలు మాత్రం నాకోసం ఉంచుకున్నాను. వాటిలో ఉండేవన్నీ తారీఖులే. 2021 జూన్ నుంచి నాకు నెలసరి వచ్చిన ప్రతి తారీఖూ అక్కడ ఉంది. రెండో బిడ్డను కనాలని మేము అనుకున్నది ఆ నెలలోనే. అప్పటికి పాపకు ఐదేళ్ళు, నాకు 32.

మాకు పెళ్ళయిన మూడో నెలకే పాప కడుపున పడింది. అందుకని రెండోసారి ఇబ్బంది ఉండొచ్చన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. "ఒకరు పుట్టారు కదా, ఇంక లోపమేముంటుంది" అని మా అత్త అన్నది, మా అమ్మ అన్నది, షాపుకొచ్చే అక్కలందరూ అన్నారు. నేనూ నమ్మాను. అలా రెండున్నరేళ్ళు పోయాయి. చదివేవాళ్ళకు అన్నేళ్ళు పోకూడదని ఇది రాస్తున్నాను.

మొదటి బిడ్డ పుట్టిందంటే అప్పటికి ఇద్దరి ఒంట్లో అన్నీ సరిపోయాయని మాత్రమే అర్థం. ఐదారేళ్ళలో చాలా మారుతుంది. ఆడవాళ్ళకు వయసుతోపాటు అండాల సంఖ్య, నాణ్యత తగ్గుతాయి, 35 దాటాక ఇంకా త్వరగా తగ్గుతాయి. కాన్పయ్యాక థైరాయిడ్ రావచ్చు, బరువు పెరిగి పీసీఓడీ (అండాలు సరిగ్గా విడుదల కాని సమస్య) ముదరవచ్చు. ఇన్ఫెక్షన్ వల్ల ట్యూబులు మూసుకుపోవచ్చు. గర్భసంచిలో గడ్డ పెరగవచ్చు, సిజేరియన్ కుట్టు దగ్గర లోపల గుంట పడవచ్చు. మగవాళ్ళకు షుగర్ రావచ్చు, సిగరెట్లు ఎక్కువ కావచ్చు, వృషణాల దగ్గర నరాలు ఉబ్బవచ్చు. ఒక బిడ్డ పుట్టాక మళ్ళీ గర్భం నిలవకపోవడాన్ని డాక్టర్లు సెకండరీ ఇన్‌ఫెర్టిలిటీ అంటారు. పరీక్షలు మొదటి బిడ్డే లేనివాళ్ళకు చేసినట్టే చేస్తారు. మనమూ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఎన్నాళ్ళు ఆగాలి

ఆడవాళ్ళ వయసు 35 లోపుంటే ఏడాది ప్రయత్నించి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. 35 దాటితే ఆరు నెలలు. 40 దాటితే ఆగకుండా వెళ్ళాలి. నెలసరి సరిగ్గా రాకపోయినా, ఆ రోజుల్లో లేవలేనంత నొప్పి ఉన్నా, పాప తర్వాత రెండుసార్లు గర్భం పోయినా, ఎప్పుడైనా టీబీ వచ్చినా వయసుతో పని లేదు, వెంటనే చూపించుకోవాలి. టీబీ దగ్గు లేకుండానే ట్యూబుల్లో, గర్భసంచి పొరలో ఉండగలదు. మన దేశంలో దీన్ని మరిచిపోకూడదు.

లెక్క మాత్రం నిజాయితీగా పెట్టుకోవాలి. మా ఆయన టాక్సీ నడుపుతారు. కొండ మీదికి, చెన్నై ఎయిర్‌పోర్టుకు, అరుణాచలానికి, ఎక్కువగా రాత్రి ట్రిప్పులు. ఒక ఆదివారం నా తారీఖుల పక్కన ఆయన ట్రిప్పుల డైరీ పెట్టి చూశాను. 2022లో పన్నెండు నెలలకు ఐదు నెలలు సరైన రోజుల్లో ఆయన ఇంట్లోనే లేరు. బెంగళూరులోనో కువైట్‌లోనో పనిచేసి అప్పుడప్పుడూ వచ్చేవాళ్ళ ఇళ్ళలో ఇది ఇంకా ఎక్కువ. ఆ నెలలను ప్రయత్నించిన నెలలుగా లెక్కపెట్టొద్దు. డాక్టర్‌కు మాత్రం ఈ విషయం చెప్పండి.

గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే 'అంతర' అనే ఇంజెక్షన్ వాడినవాళ్ళకు చివరి సూది తర్వాత మళ్ళీ నెల తప్పడానికి ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు. అది మామూలే, భయం వద్దు. కాపర్ టీ అయితే తీయించుకున్న వెంటనే అవకాశం ఉంటుంది.

ఆ ఆరు రోజులు

అండం విడుదలయ్యేది పద్నాలుగో రోజున అని మొదట్లో నేను గట్టిగా అనుకున్నాను. పాప పుట్టకముందు నాకు 28 రోజులకు వచ్చేది. కాన్పు తర్వాత అది 33 రోజులైంది, నేను గమనించలేదు. పుస్తకంలో తారీఖులు వరసగా చూశాకే తెలిసింది. రాబోయే నెలసరికి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. అంటే 33 రోజులవాళ్ళకు అది దాదాపు పంతొమ్మిదో రోజు. నేను ఏడాదిపాటు ఐదు రోజులు ముందుగా లెక్కపెట్టాను.

మగవాళ్ళ వీర్యకణాలు ఆడవాళ్ళ ఒంట్లో ఐదు రోజుల దాకా బతుకుతాయి, అండం ఒక్క రోజు మాత్రమే ఉంటుంది. కాబట్టి అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు ముఖ్యం. మెడికల్ షాపులో ఓవ్యులేషన్ స్ట్రిప్పులు దొరుకుతాయి, గీత ముదిరాక ఒకటి రెండు రోజుల్లో అండం వస్తుంది. పీసీఓడీ ఉంటే స్ట్రిప్పు తప్పు చూపించవచ్చు. ఇవేవీ వద్దనుకుంటే నెలసరి ఆగాక రెండు మూడు రోజులకోసారి కలిస్తే చాలు. క్యాలెండర్ చూసి "ఈరోజే" అంటే ఇద్దరికీ టెన్షన్. మా ఇంట్లో ఆ టెన్షన్ వల్లే గొడవలయ్యాయి.

ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాముల మాత్ర మాత్రం బిడ్డ కావాలనుకున్న రోజు నుంచే మొదలుపెట్టండి. షుగర్, ఫిట్స్ మందులు ఉన్నవాళ్ళకు మోతాదు వేరు, అడిగి వేసుకోవాలి.

కౌంట్ టెస్ట్ ముందు

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. మొదటి పరీక్ష భర్తది కావాలి, అంటే వీర్యంలో కణాలను లెక్కపెట్టే కౌంట్ టెస్ట్.

2022 చివర్లో నేను ఒక చోట చూపించుకున్నాను. గుడ్డు పెరగడానికని ఆరు నెలలు మాత్రలిచ్చారు. ప్రతి నెలా స్కాన్లు. షాపు మూసి వెళ్ళి క్యూలో కూర్చునేదాన్ని. ఆ ఆరు నెలల్లో మా ఆయనకు ఒక్క పరీక్ష కూడా రాయలేదు, మేమూ అడగలేదు. బిడ్డ ఉన్న మగవాణ్ణి పరీక్ష చేయించుకోమని ఎవరడుగుతారు? పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందికి మగవాళ్ళ వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుందని తర్వాత తెలిసింది.

2023 డిసెంబర్‌లో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె నా ఫైలు పక్కన పెట్టి, "మీ ఆయన రిపోర్టు ఏదమ్మా?" అన్నారు. అంతే.

ఆ మాట ఇంట్లో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. "మీకు టెస్ట్ రాశారు" అంటే ఆయన ముఖం మారిపోతుందని భయం. చివరికి ఇలా అన్నాను: "ఏమండీ, ఇద్దరం ఒకే రోజు ఇద్దాం. నేను రక్తం ఇస్తాను, మీరు శాంపిల్ ఇవ్వండి. రిపోర్టులు కూడా కలిసే తీసుకుందాం." రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్న తనే బండి తీశారు. మీ ఇంట్లో కూడా ఈ దారి పనిచేస్తుందనుకుంటున్నాను. ఒంటరిగా పంపొద్దు.

శాంపిల్ ఇవ్వడానికి ముందు రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండాలి. ల్యాబ్‌లోనే గది ఉంటే అక్కడే ఇవ్వడం మేలు. ఇంటి దగ్గర ఇస్తే వాళ్ళిచ్చిన డబ్బాలోనే, సబ్బు, నూనె తగలకుండా తీసి, చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకుని గంటలోపు చేర్చాలి. మామూలు కండోమ్ వాడకూడదు, అందులోని జిగురు కణాలను పాడుచేస్తుంది. కొంత ఒలికిపోతే సిగ్గుపడకుండా చెప్పాలి, లేకపోతే రిపోర్టు తప్పుగా వస్తుంది. మాకు 600 రూపాయలైంది. నా ఆరు నెలల స్కాన్ల ఖర్చు ముందు అదెంత!

రిపోర్టులో చూడాల్సినవి కౌంట్, కదలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దు ప్రకారం మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల కణాలు, కదిలేవి 42 శాతం. రిపోర్టులో కోటీ అరవై లక్షలను 16 మిలియన్ అని రాస్తారు. మా ఆయనకు 9 మిలియన్, కదలిక 20 శాతం వచ్చింది. హద్దుకు తక్కువ వచ్చినంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు, అవకాశం తగ్గుతుంది. ఒక్క రిపోర్టుతో తేల్చకూడదు, కొన్ని వారాల తర్వాత రెండోసారి చేయించాలి. జ్వరం వచ్చి తగ్గినా రెండు మూడు నెలలు కౌంట్ పడిపోయి ఉండొచ్చు.

డాక్టర్ ఆయనను పరీక్షించి, నరాల ఉబ్బు లేదన్నారు. రక్తం పరీక్షలో షుగర్ బయటపడింది. 38 ఏళ్ళకు షుగర్ ఉందని మాకు అప్పటిదాకా తెలియదు. దానికి తోడు నిద్ర ఆపుకోవడానికి రాత్రి ట్రిప్పుల్లో సిగరెట్లు, ఖైనీ. షుగర్‌కు మందు మొదలైంది, సిగరెట్టూ ఖైనీ మానేశారు. కొత్త కణాలు తయారై రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది కాబట్టి నెలకే ఫలితం చూడొద్దన్నారు. నాలుగో నెలలో చేయిస్తే 17 మిలియన్, కదలిక 34. ఆ కాగితం పట్టుకుని ఆయన లీలామహల్ సర్కిల్ దాకా ఏమీ మాట్లాడకుండా నడిచారు. ఆయనకు ఎంత బరువుగా ఉండిందో నాకు ఆ రోజు తెలిసింది.

ఒక జాగ్రత్త. జిమ్‌కు వెళ్ళే తమ్ముళ్ళు కండ కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు, స్టెరాయిడ్లు తీసుకుంటే కౌంట్ పడిపోతుంది, ఒక్కోసారి సున్నా అవుతుంది. "మగతనానికి బలం" అని ఎవరైనా ఇస్తే డాక్టర్‌కు చూపించకుండా వాడొద్దు.

డాక్టర్‌తో ఒంటరిగా పది నిమిషాలు

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. పాపకు రెండేళ్ళప్పుడు నాకు నెల తప్పింది. అప్పుడే వద్దనుకున్నాం. మెడికల్ షాపు నుంచి మాత్రలు తెచ్చుకుని వేసుకున్నాను. పది రోజులు రక్తం పోయింది, ఎవరికీ చెప్పలేదు. రెండో బిడ్డ కోసం ఎదురుచూసిన ప్రతి నెలా ఆ పది రోజులే గుర్తొచ్చేవి. చేసిన పాపానికి శిక్ష అనుకునేదాన్ని. తిరుచానూరు పద్మసరోవరం మెట్ల మీద కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి.

డాక్టర్ "ఎన్నిసార్లు గర్భం వచ్చింది?" అని అడిగినప్పుడు పక్కన మా అత్త ఉంది. "ఒక్కసారే" అన్నాను. మొదటి చోట అలా అబద్ధం ఫైలులోకి ఎక్కింది. రెండో డాక్టరమ్మ దగ్గర, "అత్తా, మీరు కాస్త బయట కూర్చోండి" అని చెప్పే ధైర్యం తెచ్చుకున్నాను. అంతా విని ఆమె చెప్పిందిది: సరిగ్గా జరిగిన గర్భస్రావం వల్ల తర్వాత పిల్లలు పుట్టకుండా పోరు. లోపల ముక్క మిగిలినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, క్లీనింగ్ చేసినప్పుడు గర్భసంచి లోపలి గోడలు అతుక్కున్నా ఇబ్బంది రావచ్చు. అది చూడటానికి పరీక్షలున్నాయి. చూశారు, నాకు అలాంటిదేమీ లేదు. ఐదేళ్ళు మోసిన భయం పది నిమిషాల్లో దిగిపోయింది.

కాబట్టి మొదటిసారి వెళ్ళినప్పుడే ఒంటరిగా మాట్లాడాలని నర్సుకు చెప్పండి. మాత్రలు వేసుకున్నా, క్లీనింగ్ అయినా, పెళ్ళికి ముందు ఏదైనా జరిగినా, కలిసినప్పుడు నొప్పి ఉన్నా, నెలసరి ఆగాక కూడా రోజుల తరబడి ముదురు రంగులో కొద్దికొద్దిగా కనిపిస్తున్నా అన్నీ చెప్పాలి. చివరిది సిజేరియన్ కుట్టు దగ్గర గుంటకు గుర్తు కావచ్చు. మొదటి కాన్పు డిశ్చార్జి కాగితం ఉంటే అదీ తీసుకెళ్ళండి.

మన పరీక్షలు

నెలసరి రెండో మూడో రోజున రక్తం తీస్తారు. హార్మోన్లలో థైరాయిడ్, ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, వాటితోపాటు షుగర్, అవసరమైతే ఏఎంహెచ్. ఏఎంహెచ్ అండాలు ఎన్ని మిగిలాయో అంచనా చెబుతుంది, వాటి నాణ్యత చెప్పదు. అది తక్కువుందని చెప్పి వెంటనే ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యకణాన్ని బయట ల్యాబ్‌లో కలిపే వైద్యం) అంటే ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి.

నాకు టీఎస్‌హెచ్ 7.2 వచ్చింది, అంటే థైరాయిడ్ సరిగ్గా పనిచేయడం లేదని. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున నీళ్ళతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా టీ కూడా తాగకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. నేను మొదటి నెల టీతో వేసుకుని, పనిచేయలేదని బాధపడ్డాను.

ట్యూబుల కోసం చేసేది హెచ్‌ఎస్‌జీ. నెలసరి ఆగాక, ఆరు నుంచి పదో రోజు లోపల, గర్భసంచిలోకి మందు పంపి ఎక్స్‌రే తీస్తారు. ఆ నెల పరీక్ష అయ్యేదాకా కలవకూడదు. అయోడిన్ పడకపోతే ముందే చెప్పాలి. నొప్పి గురించి ఎవరూ నాకు చెప్పలేదు, అందుకే నేను చెబుతున్నాను. నెలసరి నొప్పి గట్టిగా వచ్చినట్టు కొన్ని నిమిషాలుంటుంది. గంట ముందు నొప్పి మాత్ర వేసుకోవచ్చా అని అడగండి, తోడు ఒకరిని తీసుకెళ్ళండి. తర్వాత జ్వరం వచ్చినా, చెడు వాసన కనిపించినా వెంటనే చెప్పాలి.

ఇవన్నీ ప్రైవేటులోనే చేయించాలని లేదు. తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది, స్విమ్స్ ఉంది. చిత్తూరు వైపు వాళ్ళు వేలూరు సీఎంసీకి పోతారు, అక్కడ సంతాన సమస్యలకు ప్రత్యేక విభాగమే ఉంది. ఎక్కడికెళ్ళినా రిపోర్టులన్నీ తారీఖుల వరసలో ఒకే ఫైలులో పెట్టుకోండి. చేసిన పరీక్షే మళ్ళీ చేయించే అవసరం తగ్గుతుంది.

వైద్యం, డబ్బు, హద్దు

2024లో ఐదు నెలలు అండం పెరగడానికి లెట్రోజోల్ మాత్రలు, స్కాన్లు. నిలవలేదు. 2025లో రెండుసార్లు ఐయూఐ. శుభ్రం చేసిన కణాలను అండం విడుదలయ్యే సమయానికి గర్భసంచిలో వేస్తారు. నొప్పి పెద్దగా ఉండదు. ఒక్కోసారికి నూటికి పది, పదిహేను మందికే నిలుస్తుందని ముందే చెప్పారు. అండం విడుదల కావడానికి ముందు వేసే ఇంజెక్షన్ వల్ల పది రోజుల దాకా ఇంట్లో టెస్ట్‌లో తప్పు గీత రావచ్చు. నేను తొమ్మిదో రోజే చేసుకుని, రెండో గీత చూసి నిలిచిందనుకున్నాను, అది తప్పని తెలిశాక నాలుగు రోజులు లేవలేదు. పద్నాలుగు రోజులు ఆగండి. నెల తప్పాక ఒకవైపు గట్టి నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే గర్భం ట్యూబులో ఉండొచ్చు, అర్ధరాత్రైనా ఆసుపత్రికి పోవాలి.

ఒక్కో ఐయూఐకి మందులు, స్కాన్లతో మాకు పది వేల దాకా అయ్యింది. మూడుసార్లకు మించి వద్దని ముందే ఇద్దరం అనుకుని పుస్తకంలో రాసుకున్నాం. పాప చదువుకని దాచింది ముట్టుకోకూడదు, నగలు కుదువ పెట్టకూడదు. మీ హద్దు మీది, కానీ వైద్యం మొదలుపెట్టే ముందే రాసుకోండి. మధ్యలో ఆశ పెరిగినప్పుడు ఆ లెక్క వేయలేం.

ఐవీఎఫ్ దాకా వెళ్తే ఆ కేంద్రానికి ఇలాంటి వైద్యం మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగాలి. ఆ చట్టం భార్యకు 21 నుంచి 50, భర్తకు 21 నుంచి 55 ఏళ్ళ వయసు హద్దు పెట్టింది. అద్దె గర్భం గురించి ఎవరైనా చెబితే వినకండి. బతికున్న బిడ్డ ఉన్న దంపతులకు, ఆ బిడ్డకు వైకల్యమో ప్రాణాంతక జబ్బో ఉంటే తప్ప, చట్టం ఒప్పుకోదు. ఇక, "మగబిడ్డ గ్యారంటీ" అన్నవాళ్ళ గడప తొక్కొద్దు. లింగ నిర్ధారణ, ఎంపిక 1994 చట్టం ప్రకారం నేరం. నాకు ఆడపిల్ల ఉంది కాబట్టి ఈ మాట చాలామంది చెవిలో వేశారు.

పసరు మందుల సంగతీ చెప్పాలి. మనవైపు ఎముక విరిగితే పుత్తూరు కట్టు మీద నమ్మకం ఎక్కువ, అదే నమ్మకంతో పిల్లలకూ పసరు తాగేస్తాం. అందులో ఏముందో తెలియనిది, మాత్రలతో కలిపి తాగొద్దు. మొక్కులకు నేను అడ్డు చెప్పను. మా అత్త గంగమ్మ జాతరలో మొక్కింది, నేనూ వెంట వెళ్ళి పొంగలి పెట్టాను. మాత్ర మానేసి ఉపవాసం ఉండటం ఒక్కటే వద్దన్నాను, ఆమె ఒప్పుకుంది.

పాపకు ఏం చెప్పాలి

మేము ఈ విషయాన్ని చివరిదాకా పట్టించుకోలేదు, అలా చేయకూడదు. "తమ్ముణ్ణి ఇమ్మని దేవుణ్ణి అడుగు, చిన్నపిల్లల మాట వింటాడు" అని ఇరుగుపొరుగు పాపకు చెప్పారు. తిరుచానూరు గుడిలో చేతులు జోడించి కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడేది. పోయిన ఏడాది ఒక రాత్రి, "అమ్మా, నేను సరిగ్గా అడగట్లేదా?" అంది.

ఆ మరుసటి రోజే మా వాళ్ళందరికీ చెప్పాను, పాపతో ఈ మాట ఎత్తొద్దని. షాపుకొచ్చే అక్కలకూ చెప్పాను. కొంతమందికి కోపం వచ్చింది, రానివ్వండి. పాపను పక్కన కూర్చోబెట్టుకుని, "అమ్మా నాన్నా డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారు. అది పెద్దవాళ్ళ పని. బిడ్డ రావచ్చు, రాకపోవచ్చు. నువ్వు అడిగినందువల్ల కాదు, అడగనందువల్ల కాదు" అని చెప్పాను. అప్పటి నుంచి ఆసుపత్రి ఫైలు బీరువాలో దాచడం మానేశాం.

మూడో ఐయూఐ వచ్చే నెల. మా ఆయన ఆ వారం రాత్రి ట్రిప్పులు ఒప్పుకోలేదు. మొన్న శుక్రవారం గుడి నుంచి వస్తూ ఏం మొక్కుకున్నావని పాపను అడిగితే, లెక్కల పరీక్ష అంది.